కాళ్లు లేని నడక: పాము నుండి ఇంజనీరు నేర్చుకొనే పాఠం

"పాము కాళ్లు పాముకే ఎరుక" అన్నది మన సామెత. కాళ్లు లేని ప్రాణి గడ్డిలోను, ఇసుకలోను, ఎలుక కన్నంలోను అవలీలగా సాగిపోవడంలోని వింత ఆ మాటలో ధ్వనిస్తుంది. రొమ్ముతో పోయేది కనుక ఉరగమనీ, వంకరగా పోయేది కనుక జిహ్మగమనీ సంస్కృతం దానికి పేర్లు పెట్టింది. ఈ రెండు పేర్లూ రెండు వేర్వేరు గమన విధానాలను సూచించడం గమనార్హం.

మనిషి వెన్నెముకలో పూసలు 33 కాగా, అనేక జాతుల పాములలో అవి 200కు మించి ఉంటాయి. ఒక్కొక్క పూస వద్ద వంపు స్వల్పమే అయినా, అన్నీ కలిసినప్పుడు దేహం అలవలె మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలు రాళ్లను, గడ్డి దుబ్బులను నెట్టినప్పుడు కలిగే ప్రతిచర్య పామును ముందుకు తోస్తుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ గ్రే 1946లో ఈ సూత్రాన్ని వివరించాడు. పొట్ట కింది పొలుసులు కూడా ఇందుకు తోడ్పడతాయి. అవి ముందుకు సులభంగా జారుతాయి. పక్కకు జారకుండా నేలను పట్టుకుంటాయి. నున్నని గాజుపలకపై మాత్రం పట్టు దొరకక పాము ఉన్నచోటనే మెలికలు తిరుగుతుంది.

ఇది జిహ్మగ గమనం. కొండచిలువ వంటి బరువైన పాములు రొమ్ముతో తిన్నగా కూడా పోగలవు. పక్కటెముకలే కాళ్లవలె నడుస్తాయని ఒకప్పుడు భావించేవారు. నిజానికి ఆ పని చేసేవి పక్కటెముకలకూ చర్మానికీ మధ్యనున్న కండరాలు. అవి పొట్ట చర్మాన్ని ముందుకు లాగి నేలకు ఆనించి, దేహాన్ని దానిమీదుగా జరుపుతాయి. ఇరుకు కన్నంలో పాము వెనుక భాగాన్ని మడతలుగా గోడలకు బిగించి తల చాచుతుంది. పిదప ముందు భాగాన్ని బిగించి తోకను లాక్కుంటుంది. జారే ఇసుకపై చిన్నపింజర దేహాన్ని భాగాలుగా ఎత్తి వేస్తూ పక్కవాటుగా సాగుతుంది.

యంత్రాలలో ఘర్షణను తగ్గించడానికి ఇంజనీరు నూనె వేస్తాడు. పాముకు ఆ ఘర్షణే ఆధారం. 1972లో టోక్యోలో షిగెయో హిరోసె నిర్మించిన పాము యంత్రం ఈ సూత్రం మీదనే నడిచింది. దాని అడుగున ఉన్న చిన్న చక్రాలను ఏ మోటారూ తిప్పలేదు. అవి పొలుసులవలె ముందుకు దొర్లుతూ, పక్కకు జారనివ్వక అడ్డుకున్నాయి. మోటార్లు కీళ్లను మాత్రమే వంచాయి. ఇసుక వాలు నిటారయ్యేకొద్దీ ఎడారి పాము నేలకు ఆనే దేహభాగాన్ని పెంచుతుందని 2014లో అమెరికన్ పరిశోధకులు కనుగొన్నారు. అదే పద్ధతిని అనుసరించిన యంత్రం అంతకుముందు ఎక్కలేని వాలును ఎక్కింది.

ఈ కృషి వినోదం కోసం కాదు. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో వచ్చినట్టి భూకంపాలలో ఎందరో శిథిలాల కింద చిక్కుకుంటారు. పెద్ద యంత్రం కదిలితే మిగిలిన గోడ కూలవచ్చు. మనిషి దూరడానికి సందు ఉండదు. 2017లో మెక్సికో నగర భూకంపం తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పాము యంత్రం కూలిన భవనంలోకి ప్రవేశించి లోపలి దృశ్యాలను పంపింది. ప్రాణాలతో ఉన్నవారెవరూ దానికి కనిపించలేదు. అయినా మనిషి చేరలేని చోటికి చూపు చేరగలదని రుజువైంది.

పాము ఆకారాన్ని అనుకరించడం సులభం. నేల స్వభావాన్ని స్పర్శతో గ్రహించి, తగిన నడకను ఆ క్షణమే ఎన్నుకొనే నేర్పును యంత్రానికి అలవరచడమే కష్టం. రేపటి ఇంజనీర్లు సాధించవలసినది అదే.