కడుపు క్యాన్సర్: కీమో రోజుల్లో జ్వరం
దాతలు మమ్మల్ని తరచు అడిగేది ఒకటే: “ఈ మందులతో మనిషి బతుకుతాడా?” జబ్బు ఏ దశలో బయటపడిందో దాన్నిబట్టే జవాబు. ఆపరేషన్‌కు వీలున్నవారికి ‘ఫ్లాట్’ అనే నాలుగు మందుల కీమోను రెండు వారాలకొకసారి, ఆపరేషన్‌కు ముందు నాలుగు విడతలు, తర్వాత నాలుగు విడతలు ఇస్తారు. 2019లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో పాత కీమోతో సగం మంది 35 నెలలు దాటి బతికితే, దీనితో సగం మంది 50 నెలలు దాటారు. జబ్బు కాలేయానికి పాకితే కీమో ఆయుష్షును కొంత పొడిగిస్తుంది. పూర్తిగా నయం కావడం అరుదు.

వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులపాటు చల్లనివి తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది, చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పరామర్శకు వెళ్లేవారు చల్లని షర్బత్ తీసుకెళ్లకపోవడమే మేలు!

అసలు భయం జ్వరంతోనే. కీమో అయిన వారం పది రోజులకు తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. కీమో ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. అర్ధరాత్రి పల్లె నుంచి బయలుదేరడానికి కారు కిరాయి మాత్రం ఇంటివాళ్ల చేతిలో అప్పటికప్పుడు ఉండాలి. అందుకే మొదటి విడత నాడే ప్రతి రోగి ఇంటికీ ఒక థర్మామీటరు, ఆ కిరాయి డబ్బు అందేలా చూడమని దాతలను కోరుతున్నాం.