విరిగిన ఎముక ఎలా అతుకుతుంది?



దసరా సెలవుల ముందు మన హాస్టల్ తొమ్మిదో తరగతి తమ్ముడొకడు కబడ్డీ ఆడుతూ పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. సిమెంటు కట్టుతో వచ్చిన ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. "అన్నా, నాన్నతో కూలికి పోవాలన్నా, పోలీసు సెలక్షన్స్‌కి పోవాలన్నా చెయ్యి కావాలి కదా! ఇది మునుపటిలా అవుతుందా?" అని అడిగాడు. బైపీసీ చదువుతున్న మాకే జవాబు తెలియలేదు. తర్వాత పుస్తకాలు తిరగేసి, సారుని అడిగి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

మూలుగలో ఏముంది?

మటన్ కూరలో మూలుగ బొక్క కోసం పోటీపడని వాళ్ళు మనలో తక్కువ. మన ఎముకల లోపల కూడా అలాంటి మెత్తని మజ్జే ఉంటుంది. అందులో రెండు రకాల మూలకణాలున్నాయి. మొదటి రకం రక్తకణాలను తయారుచేస్తుంది. రెండో రకం, అంటే మీసెన్‌కైమల్ మూలకణాలు, ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవు. మజ్జలోని ఏకకేంద్రక కణాలలో ఇవి పదివేల నుంచి లక్షకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటాయి. 1960లలో సోవియట్ శాస్త్రవేత్త ఫ్రీడెన్‌స్టీన్ మజ్జను జంతువుల శరీరంలో వేరేచోట నాటితే అక్కడ కొత్త ఎముక ఏర్పడుతుందని చూపారు. 1991లో అమెరికా శాస్త్రవేత్త కాప్లాన్ ఈ కణాలకు ఆ పేరు పెట్టారు.

ఎముక కణంగా మారే దశలు

1. పిలుపు: ఎముక విరిగినచోట బీఎంపీ అనే ప్రోటీన్ల వంటి సంకేతాలు వెలువడతాయి. మజ్జలోని మూలకణాలు, ఎముకపై పొరలోని మూలకణాలు మేల్కొని విభజన చెందుతాయి.

2. దారి ఎంచుకోవడం: కణంలో రన్‌ఎక్స్2 అనే జన్యువు పనిచేస్తే అది ఎముక దారి పడుతుంది. 1997లో ఈ జన్యువు లేని ఎలుకపిల్లలను పరిశీలిస్తే వాటి అస్థిపంజరం మృదులాస్థిగానే మిగిలిపోయింది. పీపార్ గామా అనే జన్యువుది పైచేయి అయితే అదే మూలకణం కొవ్వు కణం అవుతుంది.

3. నిర్మాణం: ఆస్టెరిక్స్ అనే మరో జన్యువు తోడై కణం ఆస్టియోబ్లాస్ట్‌గా మారుతుంది. ఇది మన ఇంటి మేస్త్రీ లాంటిది. ముందు కొలాజెన్ పోగులు అల్లుతుంది. తర్వాత వాటిపై కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి గట్టిపడతాయి. స్లాబుకు ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోసినట్టన్నమాట!

4. స్థిరపడటం: కొన్ని మేస్త్రీ కణాలు తాము కట్టిన ఎముకలోనే చిక్కుకొని ఆస్టియోసైట్‌లుగా ఏళ్ల తరబడి బతుకుతాయి. ఎముకపై పడే బరువును గమనించేది ఇవే.

మనం చేయాల్సింది

మేస్త్రీ ఉన్నా సామాను లేకపోతే పని సాగదు. కొలాజెన్‌కు ప్రోటీను, విటమిన్ సి కావాలి. కాల్షియం ఒంటబట్టడానికి విటమిన్ డి కావాలి. కాబట్టి గుడ్డు, పాలు, రాగిజావ, ఉసిరి, జామ వదలకండి. ఎండలో ఆడండి. పొగతాగితే ఎముక ఆలస్యంగా అతుకుతుంది. డాక్టరు చెప్పకముందే కట్టు విప్పితే పచ్చి స్లాబు మీద నడిచినట్టే.

ఆరు వారాల తర్వాత తమ్ముడి కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది గానీ ఎముక అతికింది. వ్యాయామంతో మెల్లగా బలం వచ్చింది. ఇప్పుడు ఎవరికి దెబ్బ తగిలినా ధైర్యం చెప్పేది వాడే: "భయపడకురా, మేస్త్రీలు లోపలే ఉన్నారు!"