వెడ్జ్‌ల ఎంపికను గూర్చి మేనకోడలికి లేఖ



నీ జాబు చేరినది. గోల్ఫ్ ఆట ప్రారంభించిన తొలి ఏటనే పిచింగ్ వెడ్జ్‌తో బంతిని గ్రీన్ మీదికి ఎత్తి దింపుటకు నీకు చేయి తిరిగినదని చదివి మిక్కిలి సంతోషించితిని. ఐతే నీ సెట్టు ఆ క్లబ్బుతోనే ముగిసినదనియు, దానికి తోడుగా నేనిచ్చిన పాత 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఒక్కటి మాత్రమే యున్నదనియు, దుకాణమువారు దానిని ప్రక్కకు పెట్టి 52, 56, 60 డిగ్రీల క్రొత్త వెడ్జ్‌లు మూడింటిని ఒక్కసారిగా కొనుమని చెప్పుచున్నారనియు వ్రాసి, నా అభిప్రాయమడిగితివి. వారు చెప్పినవి తప్పుడు అంకెలు కావు. ఎందరో మంచి ఆటగాండ్రు ఏండ్ల తరబడి సంచిలో మోసిన అంకెలే. కాని అవి నీ సెట్టుకు పొసగవు. ఏల పొసగవో తెలిసికొంటివేని ఇకముందు వెడ్జ్ కొనునపుడు నన్నుగాని దుకాణమువారినిగాని అడుగవలసిన అవసరము నీకుండదు గనుక, కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

క్లబ్బు కాడను నిటారుగా నిలిపినపుడు దాని ముఖము వెనుకకు వాలియుండు కోణమే లాఫ్ట్. ఈ వాలు పెరిగిన కొలది బంతి ఎత్తునకు లేచి, తక్కువ దూరము పోయి, పడినచోట త్వరగా నిలుచును. నా యౌవనములో దొరకిన సెట్లలో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఇంచుమించుగా 48 మొదలు 50 డిగ్రీల వరకు నుండెడిది. తరువాత ఐరన్‌ల తలలను వెనుకవైపున గుల్లచేసి, ఆ మిగిలిన బరువును అడుగునకును అంచులకును పంచు పద్ధతి వ్యాపించినది. బరువు క్రిందికి దిగిన తలతో కొట్టిన బంతి సులభముగా ఎత్తునకు లేచును గనుక, తయారీదారులు లాఫ్ట్‌ను తగ్గించియు వెనుకటి ఎత్తును నిలుపగలిగిరి. తమ 7 నంబరు ఐరన్ ఇతరుల దానికన్న దూరము పోవునని చెప్పుకొనవలెనను కోరికయు దీనికి తోడయ్యెను. అందుచేత నేటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43 మొదలు 46 డిగ్రీలలో నుండుట సామాన్యము. దూరమునకై ప్రత్యేకముగా చేసిన కొన్నింటిలో అంతకన్నను తక్కువ. నీ పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలదని నీవే వ్రాసితివి. మా కాలపు లెక్కలో అది 9 నంబరు ఐరన్.

ఇప్పుడు దుకాణమువారి అంకెలను దీని ప్రక్కన నిలిపి చూడుము. పిచింగ్ వెడ్జ్ 48 డిగ్రీలదైనచో 52, 56, 60 అనునవి నాలుగేసి డిగ్రీల ఎడముతో చక్కగా అమరును; ఆ వరుస పుట్టినది అట్టి సెట్లకొరకే. నీ 44కును 52కును నడుమ ఎనిమిది డిగ్రీల వెలితి ఏర్పడుచున్నది. ఒక మెట్టు ఊడిన మెట్ల వరుసలో పైనున్న మెట్లు ఎంత సరిగా నున్నను కాలు జారునది ఆ ఊడినచోటనే. నీ లేఖలోని దూరములను బట్టి నీ 9 నంబరు ఐరన్ 98 గజములు, పిచింగ్ వెడ్జ్ 88 గజములు, శాండ్ వెడ్జ్ 62 గజములు గాలిలో పోవుచున్నవి. మొదటి రెంటికిని పది గజముల తేడా యుండగా, తరువాతి రెంటికిని ఇరువదియారు గజములు! నీ బంతి 75 గజముల దూరమున నిలిచినపుడు నీవేమి చేయుచున్నావో ఇక్కడినుండియే చెప్పగలను: పిచింగ్ వెడ్జ్‌ను చివరి క్షణమున బిగపట్టి మెల్లగా తగిలించుటయో, శాండ్ వెడ్జ్‌ను శక్తికి మించి విసరుటయో జరుగుచుండును. ఈ రెండింటివలనను ఊపు చెడును. దోషము సంచిలో నుండగా చేతిని నిందించుకొను అభ్యాసకులను ఎందరినో చూచి మనసు నొచ్చిన వాడను గనుకనే ఇంత గట్టిగా చెప్పుచున్నాను.

పురుషులలో వేగముగా ఊపువారికి నాలుగు డిగ్రీల ఎడము పది పదునైదు గజముల తేడా నిచ్చును. మెల్లగా ఊపువారికి అదే ఎడము అంత తేడా నీయదు. కావున నీవంటివారు వెడ్జ్‌లను ఐదారు డిగ్రీల ఎడముతో పెట్టుకొనుటయే మేలు. 44, 50, 56 అను వరుస నీకు సహజముగా కుదురును. 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్‌తో నీ బంతి సుమారు 75 గజములు పోవలెను.

ఐతే అచ్చొత్తిన అంకెను గ్రుడ్డిగా నమ్మరాదు. తలమీద చెక్కిన లాఫ్ట్‌కును అసలు లాఫ్ట్‌కును ఒక డిగ్రీ, ఒక్కొక్కప్పుడు రెండు డిగ్రీలు తేడా యుండవచ్చును. క్లబ్బులు సరిచేయు నిపుణునివద్ద కోణమును కొలుచు యంత్రముండును, అతనిచేత కొలిపించుము. దూరమును నీవే స్వయముగా కొలుచుకొనుము. ప్రాక్టీసు రేంజిలోని అరిగిన బంతులు తరచుగా తక్కువ దూరము పోవును గనుక, ఆటలో వాడు బంతులనే తీసికొని, గాలి లేని ఉదయమున, ఒక్కొక్క క్లబ్బుతో పదేసి దెబ్బలు కొట్టి, మిక్కిలి దూరము పోయినదానిని, మిక్కిలి దగ్గరపడినదానిని వదలి, తక్కినవి నేలను తాకినచోటినే లెక్కించుము. దొర్లిన దూరము ఆనాటి నేలగుణమే గాని నీ క్లబ్బుగుణము కాదు.

లాఫ్ట్‌ను గూర్చి విచారించువారిలో పలువురు బౌన్స్‌ను మరచెదరు. నా దృష్టిలో శాండ్ వెడ్జ్‌కు ఇదియే ప్రాణము. నేనిచ్చిన వెడ్జ్‌ను కాడ నిటారుగా నుండునట్లు బల్లమీద నిలిపి, కన్ను బల్ల మట్టమునకు తెచ్చి చూడుము. ముఖము క్రిందనున్న ముందు అంచు బల్లను తాకక, దాని క్రిందినుండి వెలుతురు సన్నని గీతగా కనిపించును. అడుగుభాగపు వెనుకవైపు మాత్రమే బల్లపై ఆనును. ఆ వాలు కోణమే బౌన్స్. పిమ్మట క్లబ్బును తిరుగవేసి అడుగు చూడుము: ముందు అంచున పూత ఇంకను నిలిచియుండగా, వెనుకవైపున అరిగి లోహము తెల్లగా బయటపడినది. ఇన్నేండ్లు నేలను మొదట తాకినది ఆ భాగమే. బంకరులో బంతికి రెండంగుళముల వెనుక ఇసుకను కొట్టినపుడు ముందు అంచు లోతుగా దిగబడకుండ, తల ఇసుకలో జారి, ఆ ఇసుకతోపాటు బంతిని పైకెత్తునది దానివలననే.

ఈ ఉపాయమును లోకమునకు అలవాటు చేసినవాడు అమెరికా దేశపు జీన్ సారజెన్. విమానము గాలిలోనికి లేచు తీరును గమనించి, ఆనాటి నిబ్లిక్ అను క్లబ్బు అడుగున వెనుకవైపు లోహమును అతికి, అరగదీసి, మరల అతికి, ఇసుకలో పరీక్షించి తృప్తిపడిన తరువాత, 1932లో ఇంగ్లండులోని ప్రిన్సెస్ మైదానమున జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో దానిని వాడి, 283 స్ట్రోకులతో, రెండవవానికన్న ఐదు స్ట్రోకుల ఆధిక్యముతో గెలిచెను. అంతకుముందు బంకరనిన భయపడుచుండిన ఆటగాండ్రకు ఆ క్లబ్బు కలిగించిన ధైర్యము ఇంతింతనరానిది. నీవును ఇసుకను చూచి జంకుచున్నానని వ్రాసితివి గనుకనే ఈ వృత్తాంతమును ప్రత్యేకించి చెప్పితిని.

బౌన్స్ నాలుగైదు డిగ్రీలైన తక్కువ యనియు, ఏడు మొదలు పది వరకు మధ్యమమనియు, అంతకు మించిన ఎక్కువ యనియు స్థూలముగా గ్రహింపుము. మెత్తని నేలకును, పొడియిసుకకును, నిలువుగా దిగు ఊపునకును ఎక్కువ బౌన్స్ మేలు. గట్టి నేలకును, నేలను ఊడ్చినట్లు సాగు ఊపునకును తక్కువ బౌన్స్ మేలు. గోల్కొండ నయాఖిలా చెంతనున్న మైదానముననైనను, మన ప్రాంతపు మరి యే మైదానముననైనను, ఏప్రిల్, మే నెలలలో నీరు సరిగా అందని ఫెయిర్‌వే ఎండి గట్టిపడును. వానలు పడగానే అదియే మెత్తబడును. ఎక్కువ బౌన్స్ గల వెడ్జ్ ఎండిన నేలపై తుళ్ళి, బంతి నడుమును కొట్టి, దానిని గ్రీన్ ఆవలికి తరుమును. అందుచేత ఫెయిర్‌వే మీద ఎక్కువగా వాడు 50 డిగ్రీలదానికి ఎనిమిది డిగ్రీల ప్రాంతమునను, బంకరులో వాడు 56 డిగ్రీలదానికి పన్నెండు డిగ్రీల ప్రాంతమునను బౌన్స్ ఉండుట నీకు ఉచితము. ఇంకొక సూక్ష్మము: మెత్తని ఉక్కుతో చేసిన తలను నిపుణుడు వంచి లాఫ్ట్ మార్చగలడు గాని, లాఫ్ట్‌ను ఒక డిగ్రీ తగ్గించినచో బౌన్స్ కూడ ఒక డిగ్రీ తగ్గును. 52 డిగ్రీలది చౌకగా దొరకినది, వంచి 50 చేయించుకొందునని తలపెట్టినచో ఈ లెక్కను మరువకుము.

ఇక 60 డిగ్రీల లాబ్ వెడ్జ్. గ్రీన్ అంచున బంకరును దాటించి, అవతల కొద్దిపాటి చోట బంతిని దింపవలసినపుడు దానివలె ఉపకరించునది లేదు. 1980లలో టామ్ కైట్ వంటివారు దానిని ఆదరించిన తరువాత గొప్ప ఆటగాండ్ర సంచులలో అది స్థిరపడినది. కాని వారు ప్రతిదినము గంటల తరబడి దానితో సాధన చేయుదురు. అభ్యాసకురాలి చేతిలో అంత వాలిన ముఖము బంతి క్రిందినుండి జారిపోవుట, బంతి పైకి లేచి సగము దూరముననే పడుట తరచుగా జరుగును. శాండ్ వెడ్జ్ ముఖమునే కొంచెము తెరచి కొట్టుట నేర్చుకొన్నచో దాని పనిలో అధికభాగము నెరవేరును. పైగా నియమము ప్రకారము సంచిలో 14 క్లబ్బులకు మించి యుండరాదు. అమెరికా గోల్ఫ్ సంఘము 1938లోను, సెంట్ ఆండ్రూస్ గోల్ఫ్ క్లబ్బువారు 1939లోను ఈ హద్దు నేర్పరచిరి. అంతకుముందు ఇరువదికి పైగా మోసినవారును గలరు. నీ సంచిలో డ్రైవర్, రెండు వుడ్‌లు, రెండు హైబ్రిడ్‌లు, 6 నుండి 9 వరకు నాలుగు ఐరన్‌లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్ కలిపి పన్నెండు. 50 డిగ్రీలది చేరగా పదమూడు. ఆ పదునాల్గవ చోటును ఖాళీగానే ఉంచుము. ఏడాది ఆడిన పిదప, నీకు తరచుగా చేతకాక మిగిలిన దెబ్బ ఏదో అదియే ఆ చోటును కోరుకొనును.

అన్ని దూరములను క్లబ్బులే నింపవు. ఒక్కొక్క వెడ్జ్‌తో చేయి నడుము ఎత్తువరకు తీసికొని ఒక దూరము, భుజము ఎత్తువరకు తీసికొని ఒక దూరము, పూర్తిగా ఊపి ఒక దూరము చొప్పున సాధింపుము. మూడు వెడ్జ్‌లతో తొమ్మిది దూరములు నీ అధీనమగును. వాటిని చిన్న కాగితముపై వ్రాసి సంచిలో ఉంచుకొనుము. ఈ సాధన చేసినవారికి రెండు వెడ్జ్‌లు తక్కువైనను లోటు తోచదు. చేయనివారికి నాలుగున్నను చాలవు.

కావున మూడు క్రొత్తవి కొనవద్దు. నేనిచ్చిన శాండ్ వెడ్జ్ గీతలలో మట్టి తీసి, కుంచెతో కడిగి చూడుము. గీతల అంచులు వ్రేలిగోటికి ఇంకను తగులుచున్నచో అది మరి కొన్నాళ్ళు పనికివచ్చును, నునుపెక్కినచో దానినొక్కదానిని మార్చుము. 50 డిగ్రీలది కొనుటకు ముందు నీ 9 నంబరు ఐరన్, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్‌ల దూరములను కొలిచి నాకు వ్రాయుము. ఆ అంకెలు చూచిన తరువాతనే సొమ్ము చెల్లింపుము.

ఇట్లు,
నీ మేలుకోరు మామయ్య