సహాయధనము ఎవరి చేతికి?

ప్రభుత్వము రైతునకు సొమ్మిచ్చునపుడు రైతనగా పట్టా గలవాడా, దున్నువాడా? అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున పాయిన్సెట్ కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటి విభాగము. అచటి చరిత్ర ఈ ప్రశ్నను చక్కగా బోధించును.

ప్రత్తి ధర పడిపోగా, సాగు తగ్గించినవారికి పైకము చెల్లించుటకు 1933లో అచటి కేంద్ర ప్రభుత్వము చట్టము చేసెను. ఒప్పందము భూస్వామితో, పైకమును అతని చేతికే. పాలుకు సేద్యము చేయువానికి అందు భాగము కలదు గాని, పలుచోట్ల అది చేరలేదు. అంతకంటె ఘోరమేమన, సాగు తగ్గినచో వానితో పనియేమి? ఎన్నో కుటుంబములు గుడిసెలు విడిచి పోవలసివచ్చెను. 1934 జూలైలో ఆ కౌంటీయందలి టైరోంజా ఊర 11 మంది తెల్లవారును 7గురు నల్లవారును కలిసి కౌలుదార్ల సంఘమును స్థాపించిరి. వర్ణభేదము పాతుకొన్న ఆ సీమలో ఇది సామాన్య సాహసము కాదు. కౌలుదార్లను వెళ్లగొట్టరాదని వాదించిన ప్రభుత్వ న్యాయవాదులే 1935లో ఉద్యోగములు పోగొట్టుకొనిరి.

మన దేశమున 2019లో ఆరంభమైన పి.ఎం. కిసాన్ పథకము ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా నిచ్చునది. అదియు తమ పేర భూమి గల కుటుంబములకే. కౌలుకు చేయు తలిదండ్రులు మా బడిలో తక్కువమంది కారు. సొంత నేల లేనివారికి ఆ సొమ్ము రాదు. ఎరువుల ఖర్చు మాత్రము వారిదే.