ఉప్పునీటి అక్వేరియం: చేపల కంటే ముందు బ్యాక్టీరియా

పిల్లలు ఉప్పునీటి అక్వేరియం అడిగితే కొనివ్వండి, కానీ చేపల్ని అదే రోజు తేవద్దు. చేపల విసర్జనల నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. మన రామగుండం ఫ్యాక్టరీలో యూరియా తయారయ్యేదీ అమ్మోనియాతోనే. పొలానికి పనికొచ్చేదే తొట్టిలో చేప మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. సైన్సు పుస్తకంలోని నత్రజని వలయంలో పిల్లలు చదివేది ఇదే. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు.

కుళాయి నీటిలోని క్లోరిన్‌ను డీక్లోరినేటర్‌తో తీసేసి, లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలపండి. వంటింటి ఉప్పు పనికిరాదు. ఫిల్టర్ ఆపకుండా నడుపుతూ చిటికెడు మేత వేస్తే, అది కుళ్ళి బ్యాక్టీరియాకు కావలసిన అమ్మోనియా వస్తుంది. రెండు రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూసి, వచ్చిన అంకెలతో పిల్లల చేత గ్రాఫ్ గీయించండి. నా దృష్టిలో ఏ ప్రాజెక్టు చార్టుకన్నా ఇదే మేలు. ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. నీళ్ళు తేటగా ఉన్నాయని పిల్లలు తొందరపెడతారు, అమ్మోనియా కంటికి కనిపించదని చెప్పండి. రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపించాక, కొంత నీరు మార్చి, ఒక్క చిన్న క్లౌన్ ఫిష్‌తో మొదలుపెట్టండి.