బుట్ట దగ్గరకు చేర్చే డిస్కు

మన కళాశాల మైదానంలో టెన్నికాయిట్ రింగు పట్టని విద్యార్థి అరుదు. గుండ్రని వస్తువును తిప్పి విసిరితే గాలిలో నిలకడగా పోతుందనీ, తిప్పకుండా విసిరితే తడబడి పడుతుందనీ మనందరికీ అనుభవమే. ఆ అనుభవం మీదే నిలబడ్డ ఒక ఆట గురించి, అందులోనూ ఒకే ఒక చిన్న సమస్య గురించి ఈ వ్యాసం. ఆట పేరు డిస్క్ గోల్ఫ్. బుట్టకు 150 నుంచి 250 అడుగుల దూరంలో నిలబడ్డ ఆటగాడు ఎటువంటి పుట్టరు ఎంచుకోవాలన్నది సమస్య.

“ఇంత చిన్న విషయానికి వ్యాసమా?” అని పాఠకులు నవ్వుకోవచ్చు. ఈ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగు ముగించి, పై చదువుకు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం వెళ్ళిన కొత్తలో నేనూ అలాగే నవ్వాను. ప్లాస్టిక్ పళ్ళెం ప్లాస్టిక్ పళ్ళెమే గదా, ఏదైతేనేం అనుకున్నాను. ఆ అజ్ఞానానికి ఒక మంచి స్నేహితుడి ఆఖరి పోటీని మూల్యంగా చెల్లించాక గాని నాకు తెలివి రాలేదు. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు ఆట సంగతి.

ఆట పుట్టుపూర్వోత్తరాలు

ఫ్రిస్బీ పళ్ళేనికి ఇప్పటి రూపం దిద్దిన ఎడ్ హెడ్రిక్ ఈ ఆటకు పితామహుడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానం ఆయన చేతి మీదుగానే వెలిసింది. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను ఆయనే స్థాపించాడు. ఇనుప స్తంభానికి గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట అమర్చిన లక్ష్యం కూడా ఆయన కల్పనే. 2002లో ఆయన మరణించాక చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోశారంటే, ఆట మీద ఆయనకున్న మమకారం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

నియమాలు సులువు. మొదటి చోటు నుంచి డిస్కు విసరాలి. అది పడ్డచోట నిలబడి మళ్ళీ విసరాలి. ఎన్ని విసుర్లలో బుట్టలో పడిందన్నదే లెక్క. ఎవరికి తక్కువైతే వారిదే గెలుపు.

ఫ్రిస్బీకి, ఈ డిస్కులకు భేదం ఉంది. 1983లో డేవ్ డనిపేస్ అనే ఆయన అంచును వాలుగా చెక్కినట్టున్న డిస్కు తయారుచేశాడు. అప్పటి నుంచి డిస్కులు జాతులుగా విడిపోయాయి. పలుచని వాడి అంచుతో చాలా దూరం పోయేవి డ్రైవర్లు. నడి దూరానివి మిడ్‌రేంజి. మందపాటి మొద్దు అంచుతో నెమ్మదిగా, తిన్నగా పోయేవి పుట్టర్లు. పేరుకు తగ్గట్టు పుట్టరును బుట్ట పక్కనుంచి లోపలికి వేయడానికి వాడతారు. అయితే దూరం నుంచి బుట్ట చెంతకు చేర్చే విసురుకు, అంటే అప్రోచ్‌కు కూడా అనుభవజ్ఞులు పుట్టరునే నమ్ముకుంటారు. కారణం తేలికే. డ్రైవరు నేలను తాకాక జారిపోతుంది. పుట్టరు పడ్డచోటికి దగ్గరలోనే ఆగుతుంది.

బొంగరం చెప్పే పాఠం

ఎంపికకు ముందు డిస్కు ఎందుకు వంగుతుందో తెలియాలి. కుడిచేతివాటం ఆటగాడు బ్యాక్‌హ్యాండుగా విసిరితే, పైనుంచి చూసేవారికి డిస్కు గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. గాలి దాన్ని పైకి ఎత్తుతుంది గాని ఆ ఎత్తుడు సరిగ్గా నడిమధ్యన పడదు. డిస్కు వడిగా పోతున్నప్పుడు కొంచెం వెనక భాగాన పడుతుంది. వడి తగ్గి, డిస్కు కిందికి దిగడం మొదలయ్యాక ముందు భాగాన పడుతుంది. తిరగని వస్తువైతే ముక్కు కిందికో పైకో దొర్లేది. తిరిగేది కనుక, బొంగరంలాగా, నెట్టిన వైపు ఒరగకుండా దాని పక్కవైపు ఒరుగుతుంది. అందువల్ల మొదట కాస్త కుడికి, చివర ఎడమకు పోతుంది. మొదటి ఒంపును టర్న్ అనీ, చివరి ఒంపును ఫేడ్ అనీ అంటారు. ఎడమచేతివాటం వారికి ఇదంతా తిరగేసి చెప్పుకోవాలి.

అమ్మే డిస్కుల మీద సాధారణంగా నాలుగు అంకెలుంటాయి. మొదటిది వేగం, రెండోది తేలుడు, మూడోది టర్న్, నాలుగోది ఫేడ్. ఉదాహరణకు ఏవియార్ అనే పేరున్న పుట్టరు అంకెలు 2, 3, 0, 1. ఎన్వీ అనే దానివి 3, 3, 0, 2. జోన్ అనే దానివి 4, 3, 0, 3. బెర్గ్ అనే దానివి 1, 1, 0, 2. ఈ అంకెలను ఏ కంపెనీ వారు వారే వేసుకుంటారు. కాబట్టి రెండు కంపెనీల అంకెలను త్రాసులో పెట్టి తూచకూడదు. దారి చూపడానికి మాత్రం పనికొస్తాయి.

ఇక్కడ కొత్తవారు పొరబడే చోటొకటుంది. మూడో అంకె సున్నా అని రాసి ఉంటే డిస్కు ఎప్పుడూ కుడికి పోదని అనుకుంటాం. ఆ సున్నా ఆ డిస్కుకు తగిన వడికి మాత్రమే వర్తిస్తుంది. ఇరవై అడుగుల నుంచి బుట్టలోకి వేయడానికి పనికొచ్చే మెత్తని పుట్టరును రెండు వందల అడుగులకు బలంగా విసిరితే, అది తన స్వభావాన్ని మించిన వడిలో పోతుంది. అప్పుడు సున్నా సున్నాగా ఉండదు. ఎదురుగాలి కూడా తోడైతే చెప్పనక్కరలేదు. డిస్కుకు తెలిసేది నేల మీది వేగం కాదు, గాలిలో వేగం.

నేను చేసిన తప్పు

2023 అక్టోబరులో మా విశ్వవిద్యాలయ విద్యార్థులకు జంటల పోటీ జరిగింది. నా జంట వరంగల్లు వైపు తమ్ముడు. నన్ను ఈ ఆటలోకి దించినవాడు అతనే. డిసెంబరుతో అతని చదువు పూర్తి. ఉద్యోగం దూరంగా వేరే రాష్ట్రంలో. ఇద్దరం కలిసి ఆడే పోటీ అదే ఆఖరిదని ఇద్దరికీ తెలుసు.

చివరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి మేమూ, ముందున్న జట్టూ సమానం. బుట్ట రెండు వందల అడుగుల దూరంలో ఉంది. కుడివైపు చెరువు. కాన్సాస్ మైదానాల ఎదురుగాలి ముఖం మీద కొడుతోంది.

“అన్నా, బుట్టల పడకున్నా మంచిదే, పక్కన పెట్టు చాలు” అన్నాడు తమ్ముడు.

రోజూ బుట్టలోకి వేసే నా మెత్తని పాత పుట్టరునే తీశాను. చేతికి అలవాటైనది గదా అన్న ధీమా. ఎదురుగాలి ఉంది కాబట్టి ఇంకాస్త బలంగా విసరాలనుకున్నాను. నూరడుగులు అందంగా పోయింది. ఆ తర్వాత కుడిరెక్క వాల్చిన పక్షిలా ఒరిగి, మళ్ళీ లేవకుండా చెరువులోకి దిగింది. నీళ్ళలో పడితే ఒక విసురు దండుగ. ఒక్క విసురు తేడాతోనే ఓడిపోయాం.

తమ్ముడు ఒక్కమాట అనలేదు. రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతికిచ్చాడు. “గాలి గట్టిగుండెనన్నా” అన్నాడు అంతే. గాలి తప్పేమీ లేదని నాకు తెలుసు. బొంగరం సూత్రం ఈ కళాశాల తరగతి గదిలోనే నాకు చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చేతిలో డిస్కు ఉన్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఎంపికకు కొన్ని సూత్రాలు

ఆ రోజు తర్వాత చదివి, అడిగి, విసిరి చూసి తెలుసుకున్నవి ఇవి.

ఒకటి: ఫేడ్ సంగతి. దూరపు అప్రోచ్‌కు కొంచెం మొండి డిస్కు మేలు. అంటే బలంగా విసిరినా కుడికి తిరగక, చివర నిక్కచ్చిగా ఎడమకు దిగేది. ఫేడ్ 2 ఉన్నవి చాలామందికి సరిపోతాయి. ఎదురుగాలి ఎక్కువగా ఉండే చోట 3 ఉన్నది అక్కరకొస్తుంది. కాని మన చేతి బలం కూడా చూసుకోవాలి. నెమ్మదిగా విసిరేవారి చేతిలో మరీ మొండి డిస్కు సగం దూరంలోనే ఎడమకు కూలబడుతుంది. అటువంటివారికి తిన్నని పుట్టరే మంచిది.

రెండు: తేలుడు. ఎక్కువ తేలే డిస్కు తక్కువ శ్రమతో దూరం పోతుంది. అదే డిస్కును గాలి ఎత్తుకుపోతుంది, బుట్ట దాటించేస్తుంది. తక్కువ తేలేది మనం వేసినంతే పోతుంది. బెర్గ్ లాంటివి అందుకే పుట్టాయి. అయితే వాటిని రెండు వందల అడుగులు పంపాలంటే భుజం గట్టిది కావాలి. నాబోటివాడికి నడిమిరకమే ఉత్తమం.

మూడు: ప్లాస్టిక్. చవకరకం ప్లాస్టిక్ చేతికి బాగా పట్టుదొరుకుతుంది, గొలుసులను అంటిపెట్టుకుంటుంది. కాని చెట్లకు తగిలి త్వరగా నలుగుతుంది. నలిగినకొద్దీ కుడికి తిరిగే గుణం పెరుగుతుంది. ఖరీదైన గట్టి ప్లాస్టిక్ చాలాకాలం ఒకే తీరుగా ఉంటుంది, చాలావరకు కాస్త మొండిగా కూడా ఉంటుంది. అందుకే కొందరు ఒకే అచ్చు డిస్కును రెండు రకాల ప్లాస్టిక్‌లలో కొంటారు. మెత్తనిది బుట్టలోకి వేయడానికి, గట్టిది దూరం విసరడానికి. చేతికి ఆకారం ఒకటే, పని వేరు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది.

నాలుగు: అంచు. కొన్ని పుట్టర్లకు అంచు కింద చిన్న గట్టులాంటిది ఉంటుంది. దాన్ని పూస అంటారు. పూస ఉన్నది కొందరి వేళ్ళకు ఆధారం, కొందరికి అడ్డం. చేతివాటం అనే మాటకు మన భాషలో ఇంకో అర్థం ఉన్నా, ఇక్కడ అసలు అర్థంలోనే చెబుతున్నాను. క్యారమ్స్ ఆడేవాడు తన స్ట్రైకరును తాను ఎంచుకున్నట్టే, ఎవరి వేళ్ళతో వారే పట్టి చూసుకోవాలి.

ఐదు: బరువు. అసోసియేషన్ నియమం ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు. 21.2 సెంటీమీటర్ల పుట్టరుకు ఇది సుమారు 176 గ్రాములు. గాలిలో నిలకడకు హద్దుకు దగ్గరగా ఉన్న బరువు మంచిది.

ఆరు: నేల. మొండి డిస్కు చివర అంచు మీద దిగుతుంది. పచ్చిక తడిగా ఉంటే అక్కడే కూర్చుంటుంది. నేల ఎండి గట్టిపడితే ఎడమకు ఎగిరి జారుతుంది. ఆ జారుడును ముందే లెక్కలో వేసుకోవాలి.

పరీక్షించే పద్ధతి

దుకాణంలో నిలబడి నిర్ణయించకూడదు. మిత్రుల దగ్గర మూడు నాలుగు రకాలు అరువు తెచ్చుకుని ఖాళీ మైదానానికి పోవాలి. ఒక కర్ర పాతి, దానికి రుమాలు కట్టి, రెండు వందల అడుగులు కొలిచి నిలబడాలి. ఒక్కో డిస్కును పదిసార్లు విసరాలి. ప్రతిసారీ కర్రకు ఎంత దూరంలో ఆగిందో, ఏ వైపు ఆగిందో కాగితం మీద రాయాలి. తర్వాత గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాటుగా ఒకసారి ఇదే చేయాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మంచిగా పడ్డవాటిని చూసి మురిసిపోకండి. ప్రతి డిస్కుకూ బాగా చెడిన మూడు విసుర్లను చూడండి. అవి కర్రకు పది మీటర్ల లోపున ఉన్నాయా? ఆటలో ఆ పది మీటర్ల వలయానికి ప్రత్యేక స్థానం ఉంది. దాని లోపలినుంచి వేసేటప్పుడు విసిరాక తూలి ముందుకు అడుగు వేయరాదు. నిలకడగా వేయగల దూరం కనుక, అక్కడికి చేరితే పని దాదాపు అయినట్టే. చెడినవన్నీ ఒకే వైపున ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. తప్పు ఎప్పుడూ ఒకే వైపు చేసే డిస్కును మనం సవరించుకోగలం, గురిని కాస్త జరిపితే సరి. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోయేదాన్ని ఎంత నేర్పరి అయినా నమ్మలేడు. ఆ రోజు నేను ఈ పరీక్ష చేసి ఉంటే, చెరువు కుడివైపున ఉండగా ఆ పాత పుట్టరును సంచిలోంచే తీసేవాణ్ణి కాదు.

పుట్టరు దూరానికి పనికిరాదనేవారికి ఒక నిదర్శనం చెప్పి ముగిస్తాను. 2021లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో ప్రపంచ పోటీ ఆఖరి రోజు జేమ్స్ కాన్రడ్ చివరి బుట్ట దగ్గర ఒక విసురు వెనకబడి ఉన్నాడు. పాల్ మెక్‌బెత్‌తో సమానం కావాలంటే దాదాపు 247 అడుగుల నుంచి నేరుగా బుట్టలో వేయాలి. అతను తీసింది డ్రైవరు కాదు, ఎన్వీ పుట్టరు. డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడింది. ఆ తర్వాత అదనపు ఆటలో అతనే విజేత. నిజమే, అటువంటి విసురు జన్మకొకటి. కాని అది బుట్టలో పడకపోయినా బుట్ట పక్కన ఆగి ఉండేదని నా నమ్మకం. మంచి ఎంపిక అంటే అదే.

తమ్ముడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. నేను మైదానంలో కర్ర పాతి, ముప్పై విసుర్లు రాసి, ఎంచుకున్న గట్టి ప్లాస్టిక్ పుట్టరును వాడు వెళ్ళే ముందే చూపించాను. తిప్పి చూసి, “ఇది ముందే కొనకపోతివానన్నా” అని నవ్వాడు. అలాంటిదే ఒకటి కొని వాడికీ ఇచ్చాను. ధర ఇరవై డాలర్ల లోపే. తరగతిలో నేర్చిన సూత్రం మైదానంలో సమయానికి గుర్తు రాకపోతే దాని ఖరీదు అంతకంటే చాలా ఎక్కువ. నా తోటి విద్యార్థులు అంత ఖరీదు చెల్లించకుండానే నేర్చుకుంటారని ఆశిస్తూ విరమిస్తున్నాను.