పాత పికప్ ఉంచుకోవాలా, కొత్త హెవీ డ్యూటీ బండి తీసుకోవాలా? మా ఇంటి లెక్క

పై వీడియో జీవామృతం గురించి కాదు, దాన్ని మోసే బండి గురించి. వీడియోలో గబగబా చెప్పిన లెక్కలు ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

మాది మైదుకూరు వైపు. పసుపు, కేపీ ఉల్లి వేస్తాం, వానకు ముందు పీఎండీఎస్ కింద నవధాన్యాలు చల్లుతాం. పికప్ 2013ది. మా గ్రూపులో 11 ఇండ్ల సరుకు కూడా దాంట్లోనే పోతుంది. పోయినేడు రాయచోటి దిక్కు నుంచి గొర్రె ఎరువు వేసుకుని గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడింది. తొక్కితే కిందికి పోతాంది గానీ బండి ఆగడం లేదు. రెండో గేరులో ఉన్నాను కాబట్టి సరిపోయింది. హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగి ఒక వారకు ఆపినాను. పక్కన మా బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. పావుగంట సేపు ఇద్దరం మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్తే మా ఇంటామె ఒకటే మాట అనింది: "బండన్నా మార్చు, లోడన్నా తగ్గించు."

నేను ముందు బండి మార్చాలనే అనుకున్నాను. తర్వాత ఆర్‌సీ తీసి చూసినాను. మీరూ ఒకసారి చూడండి. లేడెన్ వెయిట్ అని ఒక అంకె, అన్‌లేడెన్ వెయిట్ అని ఇంకో అంకె ఉంటాయి. మాది 2,750, 1,500. తీసేస్తే 1,250 కిలోలు. అంతకు మించి వేయకూడదు. ఆ రోజు వేసింది 42 మూటలు, మూట 40 కిలోలు. అంటే 1,680. పైగా బ్రేక్ ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో బ్రేకులు కాలినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడుతుంది. తప్పు బండి పాతదవడం ఒక్కటే కాదు, నాది కూడా ఉంది. ఇంకో మాట. డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు. ఇంజన్ ఆగితే బ్రేకుకు వ్యాక్యూమ్ సాయం పోతుంది. ఆ పని చేయొద్దు.

ఇప్పుడు కొత్త బండ్ల సంగతి. బొలెరో మ్యాక్స్ హెచ్‌డీ 2.0, టాటా యోధా 2.0 లాంటివి 2 టన్నులు మోస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే, ఎకరాకు 200 లీటర్ల ద్రవజీవామృతం. డ్రమ్ముతో కలిపి సుమారు 210 కిలోలు. మా బండిలో 5 డ్రమ్ములు, కొత్తదాంట్లో 9. ఒక్క తిరుగుడుకు 9 ఎకరాలు అంటే బాగానే ఉంది. (డ్రమ్ములు సగం నింపి తేవద్దు. మలుపులో నీళ్లు ఊగి బండిని లాగేస్తాయి.)

ధర కూడా కొంచెం దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి వచ్చింది. పన్నుతో కలిపి 10 లక్షలున్న బండి ఆ లెక్కన 9 లక్షల 22 వేలకు వస్తుంది. లైసెన్సు గురించి భయం అక్కర్లేదు. ఎల్‌ఎంవీ లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

చాలామందికి తెలియనిది పర్మిట్. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. 2 టన్నులు మోసే బండి ఆ గీత దాటేస్తుంది. కర్నూలు వాళ్లకు తుంగభద్ర దాటితే తెలంగాణ, ఆలూరు వాళ్లకు కాస్త పోతే బళ్లారి. అక్కడికి కూడా పోవాలంటే ఆ పర్మిట్ ఖర్చు ముందే వేసుకోండి. లోడు మించితే 2019 సవరణ ప్రకారం 20 వేల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు.

ఇక అసలు చిక్కు డీపీఎఫ్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. అందులో నిండిన మసి కాలిపోవాలంటే గొట్టం బాగా వేడెక్కాలి. హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు పోతే దానంతటదే కాలుతుంది. మన వాడకం ఏంది? ఊర్లో నుంచి చేను దాకా మూడు కిలోమీటర్లు, రెండో గేరు, చేని కాడ ఇంజన్ ఆపకుండా మాటలు. మసి నిండుతుంది, డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి లాగదు. అప్పుడు మా ఊరి మెకానిక్ యాపచెట్టు కింద స్పానర్లతో చేసే పని కాదు, స్కానర్ ఉన్న చోటికి పోవాల్సిందే. కొన్ని మోడళ్లకు డీఈఎఫ్ ద్రవం కూడా పోయాలి. డ్రమ్ములో దాచిన పాత డీజిల్, కిరోసిన్ కలిపింది అస్సలు పోయకూడదు.

మన సేద్యానికి సంబంధించి ఇంకొకటి. బరువైన బండిని తడి నల్లరేగడిలోకి దింపితే చక్రాల కింద మట్టి ఇటుక మాదిరి గట్టిపడుతుంది. వానపాములు కష్టపడి గుల్ల చేసిన నేల అది. వీడియోలో గడ్డపార దిగని చోటు చూపించాను, అది మా చేనే. బండి గట్టు మీదనే ఆగాలి. అక్కడి నుంచి ఎద్దులబండి, లేదంటే తల మీద.

డబ్బు లెక్క. 8 లక్షల లోను, 11 శాతం, 5 ఏళ్లు అంటే నెలకు సుమారు 17,400. ఏడాదికి 2,08,800, ఇన్సూరెన్సు వేరే. నా ట్రిప్పుల పుస్తకం చూస్తే ఏడాదిలో 140 ట్రిప్పులు. 1,250 కిలోలు దాటినవి 26 మాత్రమే. ఆ రోజులకు పెద్ద బండి బాడుగకు పిలిస్తే, ట్రిప్పుకు 3,500 చొప్పున 91 వేలు, డీజిల్ అందులోనే. పాతదానికి బ్రేకులు, కమాన్లు, టైర్లు అన్నీ చేయిస్తే 62 వేలు. మొత్తం 1,53,000. నేను పాతదే ఉంచుకున్నాను. దీంట్లో లొసుగులు లేవని కాదు. 8 ఏళ్లు దాటింది కాబట్టి ఏడాదికోసారి ఫిట్‌నెస్‌కు పోవాలి. 5 ఏళ్ల తర్వాత కొత్త బండికి ఎంతో కొంత ధర ఉంటుంది, నా దానికి ఇనుము ధరే. ఉల్లి కోతలప్పుడు బాడుగ బండి దొరకడం కూడా కష్టమే.

మా బామ్మర్దిది పత్తికొండ. వారానికి నాలుగు సార్లు టమాటా, ఉల్లి వేసుకుని హైదరాబాద్ పోతాడు. ప్రతిసారీ నిండు లోడు, దారంతా హైవే. "బావా, నాకు డీపీఎఫ్ బాధ ఉండదులే" అని కొత్త హెవీ డ్యూటీ బండి తీసుకున్నాడు. వాని పనికి అదే సరి, నేను కాదనలేదు. చెల్లెలి నగలు బ్యాంకులో పెట్టొద్దని మాత్రం చెప్పినాను. వాడు వినలేదు. మా ఉల్లి కోతలకు బండి ఖాళీగా ఉన్న రోజు పంపుతానన్నాడు. బాడుగలో మాత్రం రూపాయి తగ్గించడంట.